మాక్సు, మోరిట్సు : ఒక హాస్యచిత్రకథా వంశము

తుంటరి బాలుర జంటను నాయకులఁ జేసి బొమ్మలతో హాస్యకథ చెప్పు రీతికి ప్రసిద్ధమూలము జర్మను కవియుఁ జిత్రకారుఁడు నగు విల్‌హెల్ము బుష్ రచించిన “మాక్సు, మోరిట్సు”. డ్రెస్డెను నగరపు ప్రచురణకర్త యొకఁడు నిరాకరింపఁగా, 1865లో మ్యూనికునందలి బ్రౌను, ష్నైడరు అనువారు దీనిని ప్రకటించిరి. బుష్ 1000 గుల్డెనులకే సర్వస్వామ్యము నమ్మివేసెను. బేరమున లాభము కవికి దక్కలేదు.

గ్రంథమునఁ దుంటరిపను లేడు. అంత్యప్రాసము గల రెండేసి పాదముల పద్యములు, వానిప్రక్కఁ గొయ్యపైఁ జెక్కి ముద్రించిన బొమ్మలు. ఒక విధవరాలి కోళ్లను జంపుట, వాగుపై వంతెనను ఱంపముతోఁ గోసి దర్జీని నీటఁ బడవేయుట, బంధువు పడకలోఁ బెంకుపురుగులు విడుచుట మొదలగున వందుఁ గలవు. బడిపంతులగు లెంపెలు చర్చిలో వాద్యము వాయించుచుండఁగా నాతని చుంగాణిలోఁ దుపాకిమందు కూరిన ఘట్టము మాత్రము ఉపాధ్యాయులకు రుచించునది కాదు. పంతులు బ్రతికెను గాని ముఖము నల్లనై వెండ్రుకలు మాడిపోయినవి. ఈ పుస్తకము బాలురఁ జెఱచునని శిక్షకులు పలువు రాక్షేపించిరి. 1929లో ఆస్ట్రియాలోని స్టైరియా ప్రాంతమున 18 ఏండ్లకు లోఁబడినవారికి దీని విక్రయము నిషిద్ధమయ్యెను.

ఆక్షేపకులు ముగింపును సరిగాఁ జూడలేదు. ధాన్యపు గోనెలు కోసిన బాలురను రైతు సంచిలో వేసి మరకుఁ గొనిపోఁగా మరవాఁడు వారిని నూకలు చేయును, బాతులు తినును. ఊర నొక్కరును వగవరు. గ్రంథమున వారి తలిదండ్రుల ప్రసక్తియే లేదు. శిక్ష యున్నది గాని యది నేరముకంటెఁ గ్రూరతరము. నీతికథ వేషము దాల్చి నీతికథనే పరిహసించు రచన యిది.

ఇందొక విశేషము గలదు. బుష్ 1841లో ఎబెర్గోట్సెను గ్రామమునఁ బాదిరియగు మేనమామ యింటఁ జదువ వచ్చినపుడు మరవాని కొడుకగు ఎరికు బాహ్మను అతనికి నేస్తమయ్యెను. ఆ స్నేహము 1907లో బాహ్మను గతించువఱకు నిలిచెను. మఱుసటియేఁడు బుష్ కూడఁ గన్నుమూసెను. బాల్యమిత్రు లాడుకొన్న చోటు మర. కథలో వధ్యస్థానమును మరయే.

ఈ జంట కడలి దాటిన పిదప మరణింపలేదు. 1897 డిసెంబరు 12న న్యూయార్కు జర్నలు పత్రిక ఆదివారపు సంచికలో, సంపాదకుఁడు బ్లాకు ప్రేరణమున, జర్మనీలోఁ బుట్టిన రుడాల్ఫు డిర్క్సు “కాట్సెన్యామరు పిల్లలు” ప్రారంభించెను. ఆ పేరునకు పిల్లుల యేడ్పని శబ్దార్థము. తాగినవాని మఱునాఁటి తలనొప్పి యని రూఢి. ఇందు హాన్సు, ఫ్రిట్సు కవలసోదరులు. వారికొక తల్లియుఁ గలదు. వారము వారము వెలువడు కథకు నాయకులు చావరాదు గదా! కావున మరకు బదులు తల్లిచేతి దెబ్బలే తఱచు ముగింపయ్యెను. మఱుసటి యాదివారము మరల నల్లరియే.

తరువాత డిర్క్సు పత్రికను వీడఁగా వ్యాజ్యము నడిచెను. పేరు పత్రికకును, పాత్రలను గీయు హక్కు చిత్రకారునకును దక్కెను. అంతట నా బాలు రిద్దఱును, నెర్రు గీసిన బొమ్మలలో నొకమాఱును, డిర్క్సు గీసిన బొమ్మలలో నొకమాఱును, రెండు పత్రికలలో నేకకాలమున నల్లరి సాగించిరి. డిర్క్సు శాఖను అతని కుమారుఁడు 1979 వఱకు నడపెను.