‘ఎటెమ్ము’ను తెలుగులో ఏమనాలి?

గిల్గమేష్ గాథనో, బాబిలోను మట్టిపలకల మీది మంత్రాలనో తెలుగులోకి తేవాలని కూర్చున్నవాళ్లకు మొదట అడ్డుపడే మాటల్లో ‘ఎటెమ్ము’ ఒకటి. మనిషి పోయాక మిగిలేదానికి మెసపొటేమియాలో, అక్కాదీ భాషలో అది పేరు. సుమేరు భాషలో దాన్నే ‘గిదిమ్’ అన్నారు. మనకు చప్పున తోచేది ‘దయ్యం’. ఆ మాట పెట్టేశామంటే చదివేవాళ్లకు చింతచెట్టూ, తెల్లచీరా గుర్తొస్తాయి. ఎటెమ్ముకు వాటితో పనిలేదు. దాని గొడవంతా అన్నం నీళ్ల దగ్గరే.

దాని పుట్టుక ‘అత్రహసిస్’ అనే కావ్యంలో ఉంది. మనకు దొరికిన ముఖ్యమైన ప్రతి క్రీ.పూ. 17వ శతాబ్దిది. కాలువలు తవ్వి తవ్వి విసిగిపోయిన చిన్న దేవతలు తిరగబడతారు. వాళ్ల చాకిరీ నెత్తిన వేసుకోవడానికి మనిషిని చేయాలనుకుంటారు. ఒక దేవుణ్ణి చంపి, అతని రక్తమాంసాలను బంకమట్టిలో కలుపుతారు. ఆ దేవుడి మాంసం నుంచే ఎటెమ్ము వచ్చింది. జరిగింది మరుపున పడకుండా ఎప్పటికీ డప్పు చప్పుడు వినిపించాలని కూడా కావ్యం చెబుతుంది. అది మన గుండె చప్పుడేనని కొందరు పండితులు అంటారు. చంపబడ్డ దేవుడి పేరులోని ‘వె’, అతనికున్న ‘తేము’, అంటే తెలివి, ఈ రెంటినీ జోడించి కవి ‘ఎటెమ్ము’ను పలికించాడనీ వాళ్ల వివరణ. అంటే ఇది చచ్చాక కొత్తగా పుట్టుకొచ్చేది కాదు. బతికున్న మనిషిలో ఉన్న దేవుడి పాలు.

ఆ మాటకొస్తే మన దయ్యం కూడా దైవం నుంచి వచ్చిందే. పాత తెలుగులో దయ్యమంటే దేవుడే. తర్వాత్తర్వాత ఆ అర్థం అడుగున పడి భయం ఒక్కటే మిగిలింది. వెయ్యేళ్ల కిందటి తెలుగువాడు ఎటెమ్మును దయ్యమని ఉంటే తప్పు పట్టలేం. ఇప్పుడు అలా రాస్తే మాత్రం అర్థం తలకిందులవుతుంది.

ఎందుకో ‘కిస్పు’ను చూస్తే తెలుస్తుంది. పోయినవాళ్లకు అన్నం పెట్టి, నీళ్లు వదిలి, పేరుపెట్టి పిలిచే తంతు అది. చంద్రుడు కనిపించకుండా పోయే నెలాఖరు రోజున చేసేవాళ్లు, మనకు అమావాస్య. సాధారణంగా పెద్దకొడుకు బాధ్యత. ‘ఊర్’ వంటి నగరాల్లో సమాధులు ఇంటి నేల కిందే ఉండేవి. తాతముత్తాతలు కింద, తినే గిన్నెలు పైన. ఆ బాధ్యత మోసేవాణ్ణి ‘పాకిదు’ అన్నారు, చూసుకునేవాడని అర్థం. పాకిదు లేని ఎటెమ్ము గతి ఏమిటో గిల్గమేష్ పన్నెండో పలక చెబుతుంది: కుండ అడుగున గీకిన మాడు, వీధిలో పారేసిన ముక్కలు. అదే ఏడుగురు కొడుకులున్నవాడు చిన్న దేవతల సరసన కూర్చుంటాడు.

ఈ నమ్మకం ఎంత గట్టిదో శత్రువులకూ తెలుసు. క్రీ.పూ. 647 ప్రాంతంలో ఏలాము దేశపు సూసా నగరాన్ని కొల్లగొట్టిన అసీరియా రాజు అషుర్‌బనిపాల్ ఏలాము రాజుల సమాధులు తవ్వించి ఎముకలను తన దేశానికి మోయించాడు. వాళ్ల ఎటెమ్ములకు నిలకడ లేకుండా చేశాననీ, కిస్పు అందకుండా, నీళ్లు అందకుండా చేశాననీ శాసనంలో రాయించుకున్నాడు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే పలక ఒకటుంది. పండితుడు జె. జె. ఫింకెల్‌స్టైన్ 1966లో ప్రకటించాడు. బాబిలోను రాజు హమ్మురాబి మునిమనవడి కొడుకు అమ్మిసదూక పేరున జరిగిన కిస్పు అది. వరసగా పూర్వీకుల పేర్లు చదివి, రాజు కొలువులో పోరాడి చచ్చిన సైనికులను పిలుస్తారు. ఆపైన తూర్పు నుంచి పడమర దాకా పాకిదు లేనివాళ్లందరినీ వచ్చి తిని, తాగి, రాజును దీవించమంటారు. తర్పణం చివర జంధ్యం తడిపి పిండే నీళ్లు గుర్తుకు రాకమానవు. అవి వంశంలో కొడుకులు లేకుండా పోయినవాళ్లకు. ఇన్నివేల మైళ్ల దూరాన ఈ పోలిక చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ‘పితృదేవత’ అనేద్దామా? అదీ కుదరదు. మనం రెండు దశలనూ విడివిడిగా పిలుస్తాం: సపిండీకరణం దాకా ప్రేత, ఆ తర్వాత పితృదేవత. రోమనులదీ ఈ దారే. ఇంటి పెద్దలు ‘మానెస్’; మే 9, 11, 13 తేదీల్లో ఇంటి యజమాని నడిరేయి చెప్పుల్లేకుండా నడుస్తూ నల్ల చిక్కుడుగింజలు విసిరి సాగనంపేవి ‘లెమురెస్’. అక్కాదీలో పెట్టినా మానినా ఎటెమ్మే. తిండి అందితే దీవెన, అందకపోతే తలనొప్పి, చెవిలో హోరు. వైద్యుల పలకల్లో ఆ జబ్బుల పేరు ‘ఎటెమ్ము చెయ్యి’.

ఆకలి తీరని ఎటెమ్మును పంపించేసే విధానమూ ఉంది. సుమారు 3,500 ఏళ్ల నాటిదని అంచనా వేసిన ఒక పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని గురించి మట్టిపలకల పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ 2021 నాటి పుస్తకంలో రాశాడు. ఏటవాలుగా వెలుతురు పడితేనే వెనకవైపు గీతలు కనిపిస్తాయి: గడ్డం ఉన్న ఒక మగ ఎటెమ్ము, తాడు పట్టి నడిపించుకుపోతున్న ఆడమనిషి. ఇద్దరి బొమ్మలూ చేసి, అతనికి దారిబత్తెం, ఆమెకు ఎర్రబట్టలూ మంచమూ ఇచ్చి, సూర్యోదయాన సూర్యదేవుడైన షమష్‌కు అప్పగించాలి. పని ముగిశాక వెనక్కి తిరిగి చూడకూడదు. శ్మశానం నుంచి వచ్చే మనవాళ్లకూ పెద్దలు చెప్పేది అదే.

కాబట్టి ఎటెమ్మును ఎటెమ్ముగానే ఉంచాలని నా అభిప్రాయం. మొదటిసారి వచ్చినచోట ‘తిండినీళ్లకు ఎదురుచూసే ఇంటి పెద్ద’ అని ఒక్క మాట చేరిస్తే చాలు, తర్వాత కథే నేర్పుతుంది. ఒక్కచోట మాత్రం మన పల్లె మాటే అచ్చంగా సరిపోతుంది. పన్నెండో పలకలో గిల్గమేష్ స్నేహితుడు ఎంకిదు పాతాళం నుంచి పైకి వచ్చేటప్పుడు కవి ఎటెమ్ము అనలేదు. ‘ఉతుక్కు’ అన్నాడు, అది ‘జకీకు’లా వచ్చిందన్నాడు. జకీకు అంటే వీచే గాలీ, ఆత్మా రెండూనూ. ‘గాలి సోకింది’ అనే ఊళ్లో పెరిగిన అనువాదకులు అక్కడ ‘గాలి’ అని రాసి నిశ్చింతగా ముందుకు సాగవచ్చు.