పీపాలో పుట్టిన టన్ను

విశాఖపట్నంలో టన్ను అనే మాట లేకుండా రోజు గడవదు. పోర్టులో బొగ్గు టన్నుల్లో దిగుతుంది, గాజువాక దాటితే ఉక్కు టన్నుల్లో తయారవుతుంది. ఇళ్ళలో కూడా "టన్నుల కొద్దీ పనుంది" అంటాం. ఇంతకీ ఈ టన్ను ఎక్కడిది?

పుట్టుకతో ఇది బరువు కాదు. పాత ఇంగ్లీషులో 'టున్నె' అంటే పెద్ద చెక్క పీపా. మధ్యయుగాల్లో ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండుకి ద్రాక్షసారా ఈ పీపాల్లో వచ్చేది. ఒక్కోదానిలో 252 గాలన్లు, అంటే సుమారు 950 లీటర్లు. ఎన్ని పీపాలు పడితే ఓడ అంత పెద్దదన్నమాట. రాజుగారి సుంకం కూడా పీపాల లెక్కనే. నిండు పీపా తూగే బరువే పోనుపోను టన్ను అయింది. తమాషా ఏమిటంటే, మన 'పీపా' పోర్చుగీసు 'పిపా' నుంచి వచ్చింది. దాని ఇంగ్లీషు చుట్టం 'పైప్', కొలతలో సరిగ్గా టన్నులో సగం!

మనకీ పెద్ద కొలతలు లేకపోలేదు. ఇరవై తూములు పుట్టి. ఇరవై మణుగులు బారువ, మద్రాసు లెక్కలో 500 పౌన్లు. ఇంగ్లీషు టన్ను కూడా ఇరవై హండ్రెడ్‌వెయిట్లే, 2,240 పౌన్లు. అమెరికా వాళ్ళది 2,000 పౌన్లు. ఇప్పుడు మనం వాడేది 1,000 కిలోల మెట్రిక్ టన్ను.

ఓడల దగ్గరికొస్తే ఇంకో చిక్కు. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జల ఉష' 8,000 టన్నుల ఓడ. అది ఓడ బరువనుకుంటాం. కాదు, ఓడ మోయగలిగిన బరువు. రిజిస్టర్ టన్ను అయితే బరువే కాదు, 100 ఘనపుటడుగుల చోటు. పీపా వాసన అక్కడింకా పోలేదు.

'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. 30 లక్షల టన్నుల సామర్థ్యం తర్వాత 73 లక్షలకు పెరిగింది. 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణకు సరేనన్నప్పటి నుంచీ వాదనలన్నీ ఎన్ని టన్నులు తీసింది, ఎంత నష్టపోయింది అన్న లెక్కల మీదే. ఆ లెక్కలు అక్కర్లేదనను. కానీ ఓడని కొలిచేటప్పుడు అదెంత మోస్తుందో చూస్తాం కదా. ఈ కర్మాగారం ఎన్ని కుటుంబాల్ని మోస్తోందో కూడా ఆ లెక్కలోకి రావాలంటాను.