కుట్టు మిషను నుంచి నెల జీతం దాకా

మన డ్వాక్రా కంటే మూడేళ్ల ముందే, 1979 ఆగస్టు 15న, ట్రైసెం వచ్చింది. 18 నుంచి 35 ఏళ్ల పేదింటి పిల్లలకు పని నేర్పి, సొంతంగా ఏదన్నా పెట్టుకోమని లోను ఇప్పించేవారు. ఆడపిల్లలకు ఎక్కువగా కుట్టుపనే. ఊరంతా కుట్టేవాళ్లే అయితే కుట్టించుకునేదెవరు? 1999లో ట్రైసెం, డ్వాక్రా రెండూ స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయాయి.

అసలు మలుపు 2005లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈజీఎంఎం పెట్టినప్పుడు. కంపెనీకి ఎవరు కావాలో ముందు అడిగి, ఆ తర్వాతే శిక్షణ: ఇంగ్లీషు, కంప్యూటరు, షాపుల్లో అమ్మకాలు, సెక్యూరిటీ. చదువు మానేసి ఇంట్లో కూర్చున్న పిల్ల ఎవరో ఆఫీసుకేం తెలుసు, మనకు తెలుసు. అందుకే పిల్లల్ని వెతికే పనిలో సంఘాలూ కలిశాయి. ఆడపిల్లను పట్నం హాస్టల్‌కు పంపనన్న తండ్రితో గడప దగ్గర నిలబడి మాట్లాడింది మన అక్కలే. రిపోర్టుల్లో ఉద్యోగాల లెక్క ఉంటుంది, ఈ తిరుగుడు లెక్క ఉండదు.

2014 సెప్టెంబర్ 25న మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ ఉచితం, మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి. అయినా మొదటి జీతం గది అద్దెకూ తిండికే చాలక కొందరు తిరిగొచ్చేస్తారు. వాళ్ల పేర్లు కూడా గ్రామ సంఘం పుస్తకంలో రాయడం మొదలుపెట్టాం.