పలక పట్టించిన చేతికి అందని కుర్చీ

ఏలూరు నుంచి ఉత్తరంగా మెట్టదారి పట్టి కామవరపుకోట మండలంలోకి వెళ్తే ఊరూరా ఒకే తీరు బోర్డులు కనిపిస్తాయి. చిన్నపిల్లల బడి మీద ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అని ఉంటుంది. పెద్దపిల్లల బడి మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అని ఉంటుంది. వాటికి కాస్త దూరంలో, ఒక్కోసారి అదే ఆవరణలో మూడో బోర్డు ఉంటుంది: అంగన్‌వాడీ కేంద్రం. మొదటి రెండు బోర్డుల మీదా జనం ఓటేసి ఎన్నుకునే సంస్థల పేర్లున్నాయి. మూడో దాని మీద ఒక ప్రభుత్వ శాఖ పేరుంది. మూడేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని పలక మీద వేలు పట్టి దిద్దించే టీచరమ్మ ఈ మూడో బోర్డు కింద పనిచేస్తుంది. మొదటి రెండు బోర్డుల వెనకున్న సభల్లో కూర్చోవాలని ఆమెకు అనిపిస్తే దారి ఎక్కడుంది? దానికి జవాబు మన స్థానిక పాలన చరిత్రలో వందేళ్ల వెనక్కి వెళ్తేగానీ దొరకదు.

ఈ నేలకు చదువు కొత్త కాదు. జీలకర్రగూడెం పక్కన గుంటుపల్లి కొండను తొలిచి బౌద్ధ భిక్షువులు విహారాలు కట్టుకున్నది క్రీస్తుకు పూర్వమే. కానీ ఊరి పిల్లలందరికీ బడి అనే ఆలోచన, ఆ బడి బాగోగులు చూడటానికి ఒక సభ ఉండాలనే ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లో ప్రాథమిక విద్యా చట్టం చేశారు. ఆ చట్టం కింద జిల్లాల్లో విద్యా మండళ్లు ఏర్పడ్డాయి. స్థానిక సంస్థలు ఎన్నుకున్న సభ్యులూ ప్రభుత్వం నామినేట్ చేసిన పెద్దలూ కలిసి అందులో కూర్చునేవారు. ఏ బడికి గుర్తింపు ఇవ్వాలో, ఏ బడికి గ్రాంటు ఇవ్వాలో చూసేవారు. అప్పటికి కామవరపుకోట కృష్ణా జిల్లాలోనే ఉంది. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా పుట్టాక ఇటు వచ్చింది. బడుల కోసమే ప్రత్యేకంగా ఒక స్థానిక మండలి అంటూ మన దగ్గర ఉన్నది ఆ రోజుల్లోనే. 1934లో స్థానిక సంస్థలైన తాలూకా బోర్డులు పోయాయి. ఆ తర్వాత విద్యా మండళ్లూ రద్దయ్యాయి.

బడుల కోసం వేరే మండలి ఉంటే ఏమవుతుందో చూడాలంటే ఆ పద్ధతి నడిచిన ఇంగ్లండుకు వెళ్లాలి. అక్కడ 1870 విద్యా చట్టంతో చాలా ఊళ్లలో స్కూల్ బోర్డులు వచ్చాయి. పార్లమెంటుకు ఓటు వేయడానికి ఆడవాళ్లకు ఇంకా దశాబ్దాలు పట్టే కాలమది. అయినా స్కూల్ బోర్డుకు పోటీ చేసే హక్కు వాళ్లకు ఇచ్చారు. పిల్లలూ బడీ ఆడవాళ్ల వ్యవహారమే కదా అనుకున్నారు కాబోలు. ఆ సందులోంచి దూరినవాళ్లు చేసిన పనులు చూస్తే మనసు నిండుతుంది. 1888లో లండన్ స్కూల్ బోర్డుకు టవర్ హామ్లెట్స్ నుంచి అనీబిసెంట్ గెలిచింది. కడుపు మాడ్చుకుని బడికొచ్చే పిల్లలకు తిండి పెట్టాలని పట్టుబట్టింది. ఆ అనీబిసెంటే అయిదేళ్ల తర్వాత మన దేశం వచ్చి, మదనపల్లెలో కాలేజీ పెట్టి, అడయారు నుంచి దేశ రాజకీయాలను కదిలించింది.

ఇంకొకావిడ మార్గరెట్ మెక్‌మిలన్. ఉన్ని మిల్లుల పట్టణం బ్రాడ్‌ఫర్డ్‌లో 1894లో స్కూల్ బోర్డుకు నిలబడి గెలిచింది. పసిపిల్లల పెంపకమూ చదువూ వేరువేరు కావని నమ్మిన మనిషి. మురికి వాడల నుంచి ఒంటినిండా గజ్జితో వచ్చిన పిల్లకు అక్షరం ఎలా ఎక్కుతుంది అన్నది ఆమె అడిగిన ప్రశ్న. 1897లో ఆ ఊళ్లో ఒక బడిలో పిల్లలకు స్నానాల గది కట్టారు. ఆ తర్వాత ఆమె, అక్క రేచల్ కలిసి 1914లో లండన్ డెట్‌ఫర్డ్‌లో ఆరుబయలు శిశు విద్యాలయం తెరిచారు. నర్సరీ బడి చరిత్ర రాసేవాళ్లెవరూ ఆమె పేరు వదలరు. అయితే ఈ కథలో మనం గట్టిగా పట్టించుకోవాల్సిన సంగతి వేరే ఉంది. 1902లో అక్కడ స్కూల్ బోర్డులను రద్దు చేసి బడులను కౌంటీ, పట్టణ కౌన్సిళ్లలో కలిపేశారు. ఆ కౌన్సిళ్లకు ఆడవాళ్లు పోటీ చేయకూడదు. అంటే ఒక్క చట్టంతో మెక్‌మిలన్ లాంటివాళ్లు గెలిచే కుర్చీలే మాయమయ్యాయి. ఆ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి 1907 వరకు ఆగాల్సి వచ్చింది. బడిని పెద్ద సంస్థలో కలిపేటప్పుడు పరిపాలన సులువవుతుంది. పిల్లలకు దగ్గరగా ఉన్న మనిషి మాత్రం ఆ సభలోంచి జారిపోతుంది.

మన దగ్గర కలిపింది 1959లో. ఆ ఏడాది పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికి వెళ్లాయి. ఈనాటి బోర్డుల మీది పేర్లకు మూలం అక్కడుంది. సమితులు పోయి మండలాలు వచ్చినా, 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చినా ఆ పేర్లు నిలిచాయి. ఆ చట్టం ప్రకారం జిల్లా పరిషత్తులో ఏడు స్థాయీ సంఘాలుంటాయి. నాలుగోది విద్య, వైద్యం చూస్తుంది. మండలానికి ఒక జడ్పీటీసీ. కాబట్టి కామవరపుకోట మండలం నుంచి ఎన్నికయ్యే ఆ ఒక్క సభ్యుడు, లేదా సభ్యురాలు, ఏలూరులో జిల్లా పరిషత్ హాల్లో కూర్చుని తాడికలపూడి హైస్కూల్ గురించీ, ఏ గూడెంలోనో పెచ్చులూడుతున్న తరగతి గది గురించీ గొంతు విప్పవచ్చు. ఇంగ్లండు లెక్కలో చెప్పాలంటే మన స్కూల్ బోర్డు సీటు అదే.

ఆ సీటుకు ఆడవాళ్లు రారేమో, జనం ఓటెయ్యరేమో అనే మాట ఈ ప్రాంతంలో చెల్లదు. ఏలూరు లోక్‌సభ స్థానం 1957లో మోతే వేదకుమారిని ఢిల్లీ పంపింది. 1962లో కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి వీరమాచనేని విమలాదేవిని పంపింది. వరుసగా రెండు ఎన్నికల్లో, రెండు వేర్వేరు పార్టీల నుంచి ఇద్దరు స్త్రీలు. 73వ రాజ్యాంగ సవరణతో స్థానిక సంస్థల్లో మూడో వంతు, ఆ తర్వాత మన రాష్ట్ర చట్టంతో సగం సీట్లు మహిళలవయ్యాయి. కాబట్టి ఓటరు అడ్డం కాదు. అడ్డం నామినేషన్ బల్ల దగ్గరుంది.

దాని సంగతి చెప్పే ముందు గోదావరి గట్టున పుట్టిన ఒకావిడను తలుచుకోవాలి. దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఇంకా చిన్నపిల్లగా ఉండగానే బాలికలకు హిందీ పాఠశాల నడిపింది. తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టింది. రాజ్యాంగ సభలో కూర్చుంది. ఇంత చేసినావిడ 1952 తొలి సాధారణ ఎన్నికల్లో ఓడిపోయింది. మరుసటి ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలైంది. ఊళ్లలో బాల్వాడీలకు డబ్బు, దారి చూపింది ఆ బోర్డే. బ్యాలెట్ ఇవ్వని కుర్చీని నియామకం ఇచ్చింది. ఆవిడ కాబట్టి ఆ కుర్చీతో అంత పని జరిగింది. కానీ అప్పటి నుంచి పసిపిల్లల చదువు మన దేశంలో ఎన్నికల సభల చేతికి రాకుండా శాఖలు, బోర్డులు, పథకాల దారిలోనే నడిచింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలైనప్పుడూ అదే దారి. ఈ రోజు ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. హైస్కూలు జిల్లా పరిషత్‌ది, ప్రాథమిక బడి మండల పరిషత్‌ది. పసివాళ్ల గది మాత్రం శాఖది.

ఇక నామినేషన్ బల్ల. స్థానిక ఎన్నికల నిబంధనల్లో ప్రభుత్వ, స్థానిక సంస్థల ఉద్యోగులు పోటీకి అనర్హులు. ఎన్నికల అధికారులు అంగన్‌వాడీ టీచర్లనూ ఆ జాబితాలోనే చూస్తారు. సర్పంచ్‌గానో జడ్పీటీసీగానో నిలబడాలంటే ముందు రాజీనామా చేయాలి. అందుకే స్థానిక ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఒక టీచరమ్మ రాజీనామా చేసి బరిలోకి దిగిందన్న వార్త వస్తుంది. గెలిస్తే అయిదేళ్ల పదవి. ఓడితే రెండూ పోయినట్టే. మన ఊళ్లలో ఆ కొలువు ఎంత కష్టపడితే వస్తుందో తెలిసినవాళ్లకు ఆ రాజీనామా కాగితం బరువు తెలుస్తుంది.

ఇక్కడే నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఇదే టీచరమ్మ ఉద్యోగ భద్రత అడిగినప్పుడు నువ్వు ఉద్యోగివి కాదు, గౌరవ వేతనం తీసుకునే కార్యకర్తవి అన్నారు. 2006లో అమీర్బీ కేసులో సుప్రీంకోర్టు వాళ్లది సివిల్ పోస్టు కాదని తేల్చింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో అదే న్యాయస్థానం అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ చెల్లుతుందని చెప్పింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఆ కేంద్రాలు పూర్వ ప్రాథమిక విద్య కూడా అందిస్తున్నాయని గుర్తుచేసింది. 2023 డిసెంబరు 12న రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్ల మీద కూర్చుంటే, మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించింది. అంటే వాళ్ల పని అత్యవసర సేవే. జీతం దగ్గర ఉద్యోగి కాదు, సమ్మె దగ్గర అత్యవసర సిబ్బంది, పోటీ దగ్గర మళ్లీ ఉద్యోగి. ఒకే మనిషిని మూడు చోట్ల మూడు రకాలుగా చూస్తున్నాం. మూడు చోట్లా నష్టపోయేది ఆమే.

బడి కమిటీల్లో చోటుంది కదా అనవచ్చు. ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంది. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు కావాలి. మన రాష్ట్ర నిబంధనల్లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు. హెచ్‌ఎం, వార్డు మెంబరు, ఏఎన్‌ఎంతో పాటు ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు కూడా హోదా రీత్యా సభ్యురాలు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. అమ్మలు పనులు మానుకుని బడికొచ్చి చేతులెత్తి ఓటేశారు. నిజంగా మంచి పద్ధతి. కానీ అందులో ఛైర్‌పర్సన్ కావాల్సింది తల్లిదండ్రుల్లోంచే. ఎన్నుకునేదీ వాళ్లే. టీచరమ్మ తన సొంత బిడ్డ అదే బడిలో చదువుతుంటే తల్లిగా ఓటేస్తుంది. లేకపోతే కుర్చీ ఉంటుంది, దాన్ని ఇచ్చిన ఓటరు మాత్రం ఉండరు. జనం ఎన్నుకున్న మనిషి అడిగే తీరు వేరు, హోదాతో పిలిచి కూర్చోబెట్టిన మనిషి మాట్లాడే తీరు వేరు.

పై సభకు వెళ్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శాసనమండలిలో ఉపాధ్యాయులకు ప్రత్యేక స్థానాలున్నాయి. పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలకు కలిపి ఒక స్థానం. 2021లో షేక్ సాబ్జీ గెలిచారు. 2023 డిసెంబరులో ఆయన రోడ్డు ప్రమాదంలో చనిపోతే, మరుసటి డిసెంబరులో జరిగిన ఉప ఎన్నికలో బొర్రా గోపీమూర్తి గెలిచారు. ఈ స్థానాల్లో ఓటు ఎవరిదో రాజ్యాంగం 171వ అధికరణం చెబుతుంది: మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసే ఉపాధ్యాయులది. ఒకటో తరగతి చెప్పే పంతులుకు అందులో ఓటు లేదు. అంగన్‌వాడీ టీచరమ్మ ఊసే లేదు. పిల్లవాడి వయసు తగ్గేకొద్దీ పాఠం చెప్పేవారి మాట విలువ కూడా తగ్గుతుందన్నమాట.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న దశను పునాది అంది. అందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీవో బాలవాటికవో. 2002లో చేసిన 86వ సవరణతో రాజ్యాంగం 45వ అధికరణమే ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య గురించి మాట్లాడుతోంది. కాగితం మీద టీచరమ్మ పునాది వేసే మనిషి. మెట్టలో పొగాకు రెలుపుల కాలంలో తెల్లారేసరికి తల్లి పొలంలో ఉంటుంది, బిడ్డ ఈమె దగ్గరుంటుంది. కొల్లేటి లంకల్లో నీరు పెరిగిన రోజుల్లో ఏ ఇంటి పిల్ల రాలేకపోయిందో మొదట తెలిసేది ఈమెకే. ఏ పిల్లకు మాట ఆలస్యమైందో, ఏ పిల్ల బరువు పెరగడం లేదో, ఎవరు అయిదేళ్లు నిండాక ఒకటో తరగతికి పోకుండా పనికి పోతారో ఆమెకు తెలుసు. మెక్‌మిలన్ బ్రాడ్‌ఫర్డ్ బోర్డులో స్నానాల గది అడిగింది ఇలాంటి ఎరుకతోనే. జిల్లా పరిషత్ విద్యా స్థాయీ సంఘంలో ఈ ఎరుక ఉన్న మనిషి ఒక్కరున్నా చర్చ భవనాల బిల్లుల దగ్గరే ఆగదని నా నమ్మకం.

2021 ఏప్రిల్‌లో పోలింగ్ జరిగి, సెప్టెంబరు 19న లెక్కింపు జరిగిన జడ్పీటీసీ, ఎంపీటీసీ పదవుల గడువు అయిదేళ్లు. మళ్లీ నామినేషన్లు వేసే రోజు వస్తుంది. పోటీ చేసినంత కాలం జీతం లేని సెలవు ఇచ్చి, గెలిస్తే పదవీకాలం పాటు కొలువును నిలిపి ఉంచి, ఓడితే వచ్చిన దారినే కేంద్రానికి వెళ్లనిచ్చే చిన్న సవరణ చాలు. బడి కమిటీలో హోదా సభ్యులకు ఛైర్‌పర్సన్ ఎన్నికలో ఓటు ఇవ్వడానికి రాష్ట్ర నిబంధన మారిస్తే సరిపోతుంది, రాజ్యాంగం దాకా పోనక్కర్లేదు. ఈ రెండూ శాసనసభ, సచివాలయం ఒక సమావేశ కాలంలో చేయగలిగిన పనులు. అడగాల్సింది మాత్రం కామవరపుకోట లాంటి మండలాల్లో ఓటు కోసం గుమ్మం ముందుకొచ్చే ప్రతి అభ్యర్థినీ.