నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

ఇల్లు కొనడానికి వెళ్తే మనం ఏం అడుగుతాం? గజం ఎంత, తూర్పు వాకిలేనా, మంచినీళ్లు వస్తాయా? మా అత్తగారు ముందు ఇంకో ప్రశ్న అడుగుతారు: "ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?"

మొదట్లో నాకు నవ్వొచ్చేది. 2024 సెప్టెంబరు 1 తర్వాత రాలేదు.

విజయవాడ సింగ్ నగర్‌లో పదమూడేళ్లు మేడ మీద వాటాలో అద్దెకున్నాం. ఆ ఆదివారం బుడమేరు నీళ్లు వీధిలోకొచ్చి, ఇంట్లోకొచ్చి, కింద వాటా కిటికీలు దాటాయి. ఇంటివాళ్లు కట్టుబట్టలతో పైకొచ్చారు. పాల ప్యాకెట్లు పడవలో వస్తే తాడు కట్టిన బకెట్‌తో అందుకున్నాం. ఆవిడ ముప్పై ఏళ్ల సంసారం కింద నానిపోయింది. ఆ వీధిలోనే ఇల్లు కొందామని అప్పటిదాకా మేమూ బేరాలాడుతున్నాం.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. విజయవాడను కాపాడడానికి వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి, కాలువ తవ్వి కృష్ణలో కలిపారు. కానీ కృష్ణ కూడా నిండుగా ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇటు కాలువ గట్లు తెగాయి. ఏరు తన పాత దారి వెతుక్కుంది. ఆ దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం.

ఈలోగా మా వారికి బందరు బదిలీ అయింది. రోజూ 70 కిలోమీటర్లు పోయిరావడం కష్టమై అక్కడే ఇల్లు చూద్దామనుకున్నాం. మా అక్క ఫోన్‌లో కేకలేసింది: "బుడమేరుకు భయపడి సముద్రం ఒడ్డుకెళ్తారా? బుద్ధుందా?"

నా భయమూ అదే. కానీ బందరు మా అత్తగారి పుట్టిల్లు.

పోర్టు పనులు మొదలయ్యాక ఊరి చుట్టూ వెంచర్లే. ఒకచోట స్థలం చవకగా వస్తోందని మా వారు యాభై వేలు బయానా ఇచ్చేశారు. తర్వాత ఆవిడను తీసుకెళ్లాం. చేలో ఎర్రమట్టి తోలి రాళ్లు పాతారు. ఆవిడ స్థలం వైపు చూడనైనా లేదు. గేదెలు కాస్తున్న ముసలాయన దగ్గరకెళ్లి, "అన్నయ్యా, ఉప్పెనలో ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అన్నారు. ఆయన మాట్లాడకుండా అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. బ్రోకర్ "ఎప్పుడో డెబ్బై ఏడు మాటమ్మా అది" అన్నాడు. "మరి సముద్రం ఎక్కడికన్నా వెళ్లిపోయిందా బాబూ?" అన్నారావిడ.

1977 నవంబరు 19. తుపాను తీరం దాటింది చీరాల దగ్గరయితే, ఉప్పెన ముంచింది దివిసీమను. మన తీరంలో తుపానుకు కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. అందుకే దాటిన చోటు కన్నా దాని ఉత్తరాన ఉన్న ఊళ్లకు ముప్పెక్కువ. వేలమంది పోయారు. పులిగడ్డలో వాళ్ల జ్ఞాపకంగా స్తూపం ఉంది.

బందరుకు అంతకన్నా పెద్ద గాయం 1864 నవంబరు 1 రాత్రిది. ఆ ఉప్పెనలో దాదాపు 30 వేలమంది చనిపోయారు. మా అత్తగారి చిన్నప్పుడు ఇంట్లో ముసలివాళ్లు వాళ్ల పెద్దల నుంచి విన్న ఆ రాత్రి గురించి చెబుతుండేవారట. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు కోటలోని సైన్యాన్ని తీసుకెళ్లిపోయారు. ఊరివాళ్లు మాత్రం వెళ్లలేదు. రెండేళ్లకే, 1866లో, బందరు మునిసిపాలిటీ అయింది.

ఎందుకు వెళ్లలేదో ఆ ఊళ్లో తిరుగుతుంటే కొంత అర్థమైంది. డచ్చివాళ్లున్న చోటు వలందపాలెం, ఫ్రెంచివాళ్లది ఫరాసుపేట. పక్కనే ఇంగ్లీషుపాలెం. వచ్చినవాళ్లందరూ పోయి పేర్లు మిగిలాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టిందీ ఇక్కడే. ఇన్ని దెబ్బలు తిన్న ఊరు ఒక బ్యాంకును కూడా పుట్టించింది.

"డెల్టాలో నీళ్లు రాని చోటు వెతక్కు," అన్నారు అత్తగారు. "ఈ నేల కృష్ణమ్మ తెచ్చిపోసిందే. నీళ్లొస్తే నిలబడే చోటు చూడు."

చివరికి ఊరి మధ్యలో పాత ఇల్లు తీసుకున్నాం. వెంచర్ రేటు కన్నా ఎక్కువ, గదులు చిన్నవి, కార్ పార్కింగ్ లేదు. బోరు నీళ్లు ఉప్పన. కానీ మెరక మీదుంది. అరుగుకు ఐదు మెట్లు, లోపలి నుంచే డాబా మీదికి దారి. బయానా యాభై వేలు తిరిగి రాలేదు. అది నా చీటీ డబ్బు. మా వారితో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

కొనేముందు ఈసీ తీయించాం, లింకు డాక్యుమెంట్లు ప్లీడరుకు చూపించాం. ఆ స్థలం ఎన్ని చేతులు మారిందో అన్నీ ఉన్నాయి. నీళ్లు ఎన్నిసార్లు వచ్చాయో ఏ కాగితంలోనూ లేదు. అది పక్కింటి ముసలమ్మకే తెలుస్తుంది. మీరు ఎక్కడ కొన్నా రిజిస్ట్రేషన్ ఆఫీసు కన్నా ముందు ఆవిడ దగ్గరకు వెళ్లండి.

పాలు పొంగించిన రోజు మా పక్కింటి మామ్మగారు వచ్చారు. ఎక్కణ్ణుంచి వచ్చామో అడిగారు. సింగ్ నగర్ అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అయ్యో, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా?" అన్నారు.

నేను అరచెయ్యి తల మీదికెత్తి చూపించాను.