నొప్పికి సాక్ష్యం

ఎక్స్‌రే బాగుంది, రక్తపరీక్షలు నార్మల్, అయినా పెయ్యంతా నొప్పులు. "అంతా నీ భ్రమ" అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. ఈ జబ్బుకు వైద్యం పెట్టిన పేరు ఫైబ్రోమయాల్జియా. దాని చరిత్రంతా నొప్పికి సాక్ష్యం వెతకడమే.

1904లో లండన్ నాడీవైద్యుడు విలియం గోవర్స్ నడుంనొప్పి మీద ఉపన్యాసమిస్తూ ఫైబ్రోసైటిస్ అన్న మాట వాడాడు. కండరాల పీచులో వాపు ఉందని ఆయన ఊహ. ఆ వాపు తర్వాత రుజువు కాలేదు. 1976లో పేరులోంచి వాపు పోయి, నొప్పి మిగిలింది. 1990 ప్రమాణాల్లో డాక్టరు 18 చోట్ల వేలితో నొక్కాలి, 11 చోట్ల నొప్పి ఉండాలి. మరి పది చోట్లే ఉన్నవాళ్ళ మాటేమిటి? 2010లో వేలిని పక్కనబెట్టి ప్రశ్న తెచ్చారు: ఎక్కడెక్కడ నొప్పి, నిద్ర లేచాక అలసట తీరిందా, విషయాలు గుర్తుంటున్నాయా? అంటే మనిషిని అడిగి నమ్మడానికి 106 ఏళ్ళు పట్టింది! లాగ్‌లో ఎర్రర్ లేదంటే బగ్ లేదని కాదు, మనం వేరేచోట వెతుకుతున్నామని కూడా కావచ్చు. నొప్పి కబురు మోసే నాడీవ్యవస్థే దాన్ని పెంచి చూపిస్తోందని ఇవాళ్టి అవగాహన.

ఈ నొప్పి ఒక్కోసారి ఉన్నట్టుండి ఎగదన్నుతుంది. నిద్ర చెడినా, మనసు నలిగినా, పని ఒక్కసారిగా మీదపడినా అంతే. బాగున్న రోజున మిగిలిన పనంతా చేసేస్తే మర్నాడు మంచం పట్టడం ఖాయం. అందుకే ఏ రోజైనా పని ఒక కొలతలో ఉండాలి. నొప్పి ఎక్కువైన రోజున తగ్గించాలి గానీ పూర్తిగా పడుకోకూడదు. కాసేపు నడక, వేన్నీళ్ళ స్నానం, వేళకు నిద్ర. 2016 నాటి యూరప్ సిఫార్సుల్లో గట్టిగా చెప్పింది వ్యాయామం ఒక్కటే. కొత్తగా జ్వరం, కీళ్ళవాపు, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం వేరే జబ్బేమో చూపించుకోవాలి.

చెప్పడం తేలికే. గద్వాల నడిగడ్డలో సీడ్ పత్తి క్రాసింగ్ చూడండి. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, పొద్దున పుప్పొడి అద్దాలి. పువ్వు రేపటిదాకా ఆగదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో కైకిలికి పోయే ఆడమనిషికైనా, పని ఆపితే ఆ రోజు కూలి పోయినట్టే. పొద్దంతా చేనులో వంగి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చునే మనిషికి "విశ్రాంతి తీసుకో" అన్న సలహా ఎంతవరకు పనికొస్తుంది?

చేనులో పని ఆగకపోవచ్చు. ఇంట్లో బిందె మోయడం, బట్టలు ఉతకడం ఇంకొకరు అందుకోవచ్చు. దానికి ముందు ఆమె మాట నమ్మాలి. 2010 తర్వాత డాక్టర్లు అడుగుతున్న ప్రశ్నలు అడగడానికి ఇంట్లోవాళ్ళకు డిగ్రీలు అక్కర్లేదు.