గట్టు నిలబెట్టే చేతులు

పెరట్లో ఎత్తు మడి కావాలంటే మూడు వరుసల సిమెంటు ఇటుకలు పేరిస్తే చాలనుకుంటాం. మట్టి జారకుండా ఆపడమే కదా గోడ పని! కానీ గోడని పడగొట్టేది చాలాసార్లు మట్టి వెనక నిలిచిన నీళ్ళే. వానకి తడిసిన మట్టి బరువెక్కుతుంది. నీళ్ళు పోయే దారి లేకపోతే గోడ ముందుకి ఒరుగుతుంది. మా పెరట్లో మడులు కట్టించే ముందు, కొండల మీద ఇలాంటి గోడలు కట్టినవాళ్ళ చరిత్ర కాస్త చదివాను. అందులో కొన్ని సంగతులు మీకూ చెప్పాలనిపించింది.

తెలుగులో గట్టు అంటే పొలం అంచూ అవుతుంది, కొండా అవుతుంది. పెరూ దేశంలోని మాచు పిచ్చులో ఆ రెండర్థాలూ ఒక్కచోటే కనిపిస్తాయి. 15వ శతాబ్దంలో ఇన్కా రాజుల కాలంలో, సముద్రమట్టానికి 2,430 మీటర్ల ఎత్తున, కొండవాలు మీద మెట్లుమెట్లుగా మడులు కట్టారు. అక్కడ ఏటా దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా ఆ మడులు నిలిచే ఉన్నాయి.

అమెరికన్ ఇంజనీరు కెనెత్ రైట్ బృందం 1990లలో వాటిని పరిశీలించింది. పైన సాగుమట్టి, దాని కింద ఇసుకా గులకరాళ్ళూ కలిసిన పొర, అడుగున రాతిముక్కలు. మనం పూలకుండీ అడుగున పెంకుముక్కలు వేస్తాం చూడండి, ఆ పద్ధతే. గోడలు కూడా కాస్త కొండవైపు వాలి ఉంటాయి.

అంతకన్నా నన్ను ఆలోచింపజేసింది ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో ఇఫుగావో ప్రజల వరి మడుల కథ. కొన్నిచోట్ల రాతి గట్లు, కొన్నిచోట్ల మట్టి గట్లు. ఇవి రెండు వేల ఏళ్ళ నాటివని చాలాకాలం చెప్పుకున్నారు. స్పానిష్ వాళ్ళు వచ్చాక, సుమారు 400 ఏళ్ళ క్రితం ఇవి బాగా విస్తరించాయని స్టీఫెన్ అకబాడో వంటి పురావస్తు పరిశోధకులు ఇప్పుడు అంటున్నారు.

యునెస్కో 1995లో వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆరేళ్ళు తిరిగేసరికి, 2001లో, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. చదువులకీ ఉద్యోగాలకీ పిల్లలు పట్నాలు పట్టారు. కాలవలూ గట్లూ చూసుకునేవాళ్ళు తగ్గిపోయారు. మళ్ళీ బాగుచేసుకుని, ఆ జాబితాలోంచి బయటపడేసరికి 2012 వచ్చింది.

అదే 2001లో యునెస్కో ఇఫుగావోల హుద్‌హుద్ పాటలనీ గుర్తించింది. విశాఖ వాళ్ళు ఉలిక్కిపడకండి. 2014లో వచ్చిన తుఫానుకి పెట్టింది ఒక పిట్ట పేరు, దానికీ ఈ పాటలకీ సంబంధం లేదు. నాట్లప్పుడూ, కోతలప్పుడూ, చావు జరిగిన ఇంట్లోనూ ఈ పాటలు పాడతారు. ముందుండి పాడేది ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ళు. నాట్లూ, కలుపూ, కోతా కూడా ఎక్కువగా ఆడవాళ్ళ పనులే.

చరిత్రలో కట్టించిన రాజు పేరు మిగులుతుంది. వానకి జారిన రాయిని ఏటా మళ్ళీ దాని చోట పెట్టినవాళ్ళ పేరు ఎవరూ రాయరు. ఇల్లు నడిపే మనకి ఇది కొత్త సంగతేం కాదు. ఇల్లు తుడిచిన రోజు ఎవరి కంటా పడదు. తుడవని రోజు మాత్రం అందరికీ కనిపిస్తుంది.

మా మడుల గోడ అడుగున్నర ఎత్తే. కందకం తవ్వి, అడుగున కంకర పోసి దిమ్మిస కొట్టించాం. మొదటి వరుస సగం నేలలోకి దిగింది. పై ఇటుకల అతుకులు కింది అతుకుల మీద పడకుండా పేర్చి, గోడని ఒక పిసరు మడివైపు వాల్చాం. గోడ వెనక జానెడు మందాన కంకర, అడుగు వరుసలో అక్కడక్కడా నీళ్ళు పోవడానికి కన్నాలు.

కట్టేటప్పుడు ఇంట్లో అందరికీ ఉత్సాహమే, తలా ఒక చెయ్యి వేశారు. ఆ ఊపు తగ్గకముందే వంతులు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. వానలకి ముందు కన్నాలు శుభ్రం చేసేది మావారు. వానలు వెనకబట్టాక కదిలిన ఇటుకలు సర్దేది మా అబ్బాయి. ఆకుకూరలు కోసేది నేను.